చిలకపడవకు తగిన లంగరు

సుళ్లేటి వరద కోట వాకిలి దాటి ఏనుగుల కొట్టంలోకి వచ్చిన ఏడు ఒకటుంది. ఆ మరుసటి ఏడు జరిగింది ఇది. అప్పట్లో ఆ ఊరివాళ్లు ఏళ్లను వరదలతోనే గుర్తుపెట్టుకునేవారు.

సుళ్లేటి ఒడ్డున కలువపురి అని ఒక చిన్న రాజ్యం. దానికి శరభరాజు రాజు. ఆయనకు ఒక్కతే కూతురు, పేరు కువలయ. కూతురు షికారు చెయ్యడానికి రాజు ఒక పడవ చేయించాడు. దాని ముందు కొస చిలకముక్కులా వంగి ఉండేది కాబట్టి అందరూ చిలకపడవ అనేవారు. అది సరుకులు మోసే పడవ కాదు, చేపలు పట్టే పడవా కాదు. చల్లగాలికి ఏటి నడుమకు వెళ్లి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చే పడవ. నిలబడ్డానికే వెళ్లే పడవకు లంగరు మంచిదై ఉండాలి. చిలకపడవ లంగరు మంచిది కాదు. అందమైనది. వెండి తొడుగు వేసి, కొక్కేల చివర పువ్వులు చెక్కించారు.

శరభరాజు వంశంలో ఒక ఆచారం ఉండేది. రాజుల పడవ తాడు వదులుగా వేలాడకూడదు. లంగరు అడుగుకు తగలగానే ఎర్ర పట్టుతాడును బిగించి కట్టెయ్యాలి. తాడు నీళ్లలోకి నిట్టనిలువుగా దిగాలి. ఏటవాలుగా ఉంటే వంశానికి నామర్దా అనుకునేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఏడు వేసవిలో కువలయ షికారుకు వెళ్లింది. ఆమెను పెంచిన దాది పైడమ్మ వెంట ఉంది. సరంగులు ఏటి నడుమ లంగరు దించారు. గాలి లేచింది. లంగరు పట్టు తప్పి అడుగున ఈడ్చుకుపోయింది. అక్కడ జలగండుడు అనే రాక్షసుడు బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. వెండి కొక్కెం వాడి వీపును మెడ నుంచి నడుము దాకా గీరేసింది.

జలగండుడు నీళ్లు చీల్చుకుని లేచాడు. సరంగులు ఏట్లోకి దూకి ఒడ్డుకు ఈదిపోయారు. పడవలో ఆడవాళ్లిద్దరూ మిగిలారు.

“ఏటేటా ఇదే గోల! నిలబెట్టడం చేతకానోళ్లకి షికార్లెందుకర్రా?” అని వాడు అరిచాడు. “ఇదిగో చెబుతున్నా. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా ఈ పడవ నా ఏట్లో ఒక్కచోట నిలబడాలి. అందాకా ఇందులో ఉన్నోళ్ల కాలు నేల మీద ఆనదు. పొండి.”

అలాగే జరిగింది. పడవను ఒడ్డుకు లాగబోతే తాళ్లు పుటుక్కున తెగిపోయేవి. పక్కన వేరే పడవ నిలిపితే, కువలయ అందులోకి వేసిన అడుగు తిరిగి చిలకపడవలోనే పడేది. పడవ మాత్రం రోజూ కొంచెం కొంచెంగా దిగువకు జారుతోంది. దిగువన ఏరు కొండ మీదనుంచి గుండంలోకి దూకుతుంది. ఆషాఢంలో కొత్తనీరు వస్తే ఇక చెప్పేదేముంది, పడవా మనుషులూ గుండంలోనే.

శరభరాజు దండోరా వేయించాడు. పడవను నిలబెట్టినవాడికి సగం రాజ్యం ఇస్తాననీ, కువలయకు ఇష్టమైతే పెళ్లి కూడా చేస్తాననీ. చాలామంది వచ్చారు. లంగరు ఎంత బరువైతే పడవ అంత గట్టిగా నిలబడుతుందని అందరూ అనుకున్నారు. ఒకడు తిరగలి రాళ్లు కట్టి తెచ్చాడు. ఇంకొకడు ఇనప దిమ్మ పోత పోయించాడు. పొరుగు రాజు కొడుకైతే ఏనుగు మోసే బండ తెచ్చి చిలకపడవకు కట్టబోయాడు. పడవ ముక్కు నీళ్లలో మునిగింది. పైడమ్మ తెడ్డుతో కొట్టి అతన్ని తరిమేసింది.

దాలయ్య అనే కుర్రాడు కట్టెలు కొట్టేవాడి కొడుకు. పడవలో పైడమ్మ వంటకు కట్టెలు కావాలి కాబట్టి తెప్ప మీద మోపు వేసుకుని తెచ్చి ఇచ్చేవాడు. పడవల సంగతి అతనికి తెలియదు. అయినా రోజూ చూస్తూ ఊరుకోలేక ఒకనాడు చింతమొద్దుకు గునపాలు కట్టి తెచ్చాడు. దించగానే మొద్దు పైకి తేలింది.

“ఓరి నీ తెలివి తెల్లారా! మొద్దు మునుగుద్దేట్రా?” అంది పైడమ్మ.

“ఇనుం కట్టేను కదప్పా.”

“మొద్దుకి మొద్దు తోడు. ఇంకా నయం, పొయ్యిలోకైనా పనికొస్తాది.”

కువలయ నవ్వలేదు. పడవ అంచున కూర్చుని నీళ్లకేసి చూస్తోంది.

“దాలయ్యా, ఇన్ని బరువులు చూశాను. అన్నీ అడుగున కూర్చుంటున్నాయి, లాగితే లేచి నడుస్తున్నాయి. కూర్చునేది కాదు కావలసింది. పట్టుకునేది కావాలి. నాకు కాలు కదిపే వీలు లేదు. నీకుంది. వెతుకుతావా?”

“ఎక్కడ వెతకమంటారు అమ్మాయిగారూ?”

“అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?”

దాలయ్య తండ్రికి చెప్పి, భుజాన గొడ్డలి వేసుకుని అడవిలోకి బయలుదేరాడు.

కొన్నాళ్లు నడిచాక కొండచరియ ఒకటి అడ్డం వచ్చింది. దాని మీద దూడంత ఉడుము అతుక్కుని ఉంది. మెడకు వేటగాళ్ల ఉచ్చు బిగిసింది. పైన వంచి కట్టిన కొమ్మ ఉచ్చుతాడును లాగుతోంది, ఉడుము మాత్రం రాయిని వదలడం లేదు.

“చూస్తా నిలబడ్డావేం? తాడు కొయ్యి” అంది ఉడుము.

“అంత ఎత్తు ఎక్కలేను. నువ్వే కిందకి దిగు, కోస్తాను.”

“దిగితే ఉచ్చు బిగుస్తుంది. కావాలంటే నన్ను లాగి చూడు.”

దాలయ్య తీగ విసిరి దాని తోకకు తగిలించి లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఉడుము వెంట్రుక వాసి కదల్లేదు. చివరికి రాతిలో గొడ్డలితో గుంటలు కొట్టుకుంటూ, ఒక్కో గుంటలో కాలు పెట్టి పైకి ఎక్కి, ఉచ్చు కోశాడు. దగ్గరగా చూస్తే అప్పుడు తెలిసింది. ఉడుము బలమంతా గోళ్లలోనే ఉంది. ఒక్కో గోరూ ఒక్కో రాతి సందులో దూరి ఉంది.

ఉచ్చు ఊడినందుకు ఉడుము తన పాతగోరు ఒకటి ఇచ్చింది. దాలయ్య చేతిలో పడగానే అది మూరెడు పెరిగి ఇనుములా గట్టిపడింది. “సందు దొరికితే ఇది ప్రాణం పోయినా వదలదు. సందు లేని చోట దేనికీ కొరగాదు. నేనూ అంతేలే” అని చెప్పి ఉడుము బొరియలోకి పోయింది.

కొండ దాటితే చిత్తడి నేల. దారికి అడ్డంగా ఎడ్లబండంత అడవిపంది మూతి నేలలో పెట్టి తవ్వుతోంది.

“తప్పుకో మావా, అర్జంటు పనుంది” అన్నాడు దాలయ్య.

“తప్పించు” అంది పంది, తల ఎత్తకుండా. “నన్ను ఇక్కణ్నుంచి లాగేస్తే దారిస్తాను. లాగలేకపోతే నిన్ను తింటాను. దుంపలు తినీ తినీ నోరు చప్పబడిపోయింది.”

దాలయ్య దాని కోరకు అడవితీగ కట్టి, వెనక్కి వెళ్లి, కాళ్లు తన్నిపెట్టి లాగాడు. లాగినకొద్దీ కోర బురదలోకి దిగింది. ఇంకా గట్టిగా లాగితే ఇంకా లోపలికి దిగింది. నాగలి కర్రు కూడా అంత లోతుకు పోదు.

“లాగు అల్లుడూ, లాగు! కడుపులో చల్లగా ఉంది” అంటూ పంది ఎగతాళి చేసింది.

దాలయ్యకు ఒళ్లు మండింది. పక్కనున్న బండ మీదకు ఎక్కి, పంది నెత్తిమీద నిలబడినట్టుగా నిలబడి, తీగను భుజాన వేసుకుని నిటారుగా పైకి లాగాడు. చటుక్కున కోర బయటికి వచ్చింది. పంది వెనక్కి పడి కూర్చుంది. కాసేపు అతన్ని పైకీ కిందకీ చూసి, పకపకా నవ్వింది.

“మా అమ్మ తర్వాత నన్ను పెళ్లగించినోడివి నువ్వే. పో, బతికావు.” నిరుడు ఊడిపోయిన తన పాతకోర ఒకటి ఇచ్చి పంపింది. అదీ చేతిలో పడగానే పెరిగి గట్టిపడింది. ఆకారం నాగలిలానే ఉంది.

రెండు లంగర్లు మోసుకుంటూ తిరుగుదారి పట్టాడు. దారిలో ఒక సాధువు తేనెపట్టు పిండుకుంటూ కనబడ్డాడు.

“ఏం నాయనా, దున్నడానికా? కొండెక్కడానికా?”

“లంగర్లు స్వామీ. పడవకి.”

“రెండూ మంచివే. నీ ఏటి అడుగున ఏముంది? రాయా, ఇసుకా, బురదా?”

దాలయ్య తెల్లమొహం వేశాడు. “నీళ్లున్నాయి స్వామీ.”

సాధువుకు నవ్వి నవ్వి పొలమారింది. “నీళ్లు పడవకి నాయనా. లంగరు కాపురం చేసేది అడుగున. అక్కడేముందో తెలియకుండా లంగరు తెచ్చావంటే, పెళ్లికూతురు ఎవరో తెలియకుండా గాజులు కొన్నట్టే.” పిండిన పట్టులోనుంచి పిడికెడు మైనం తీసి ఇచ్చాడు. “దీన్ని బరువుకి అంటించి దించు. అడుగున ఏముంటే అది అంటుకుని వస్తుంది. ఏమీ అంటలేదనుకో, అదీ ఒక కబురే.”

దాలయ్య ఏటికి చేరేసరికి ఆషాఢం వచ్చేసింది. నీళ్లు ఎర్రబారాయి. చిలకపడవ గుండానికి దగ్గరగా ఉంది. నీళ్లు దూకే చప్పుడు తెప్ప మీదికి వినబడుతోంది. తెల్లవారుజామున అతను పడవను అందుకున్నాడు. పైడమ్మ మనిషి సగమైపోయింది. అయినా నోరు తగ్గలేదు.

“వచ్చావా నాయనా, మా దినాలకి వస్తావేమో అనుకున్నా.”

అతను రెండు లంగర్లూ పడవలో పెట్టగానే నీళ్లలోనుంచి జలగండుడు తల ఎత్తాడు.

“ఒకటే దించాలి. రెండోది నాకిచ్చెయ్యి.”

“అదేం న్యాయం?” అన్నాడు దాలయ్య.

“రెండు దించితే నా వీపు రెండు చోట్ల గీరుకుంటుంది. అదే న్యాయం. పొద్దు పొడిచేలోగా తేల్చుకో. ఈ రోజు పోతే మీకు రేపు లేదు. ఎగువన కొత్తనీరు బయల్దేరింది.”

దాలయ్య సాధువు మాట చెప్పి మైనం ఇచ్చాడు. కువలయ దాన్ని కంచుచెంబు అడుగుకు అంటించి, తాడు కట్టి దించింది. చెంబు ఠంగుమని తగిలింది. తీసి చూస్తే మైనం నొక్కుకుపోయి ఉంది. ఏమీ అంటుకోలేదు.

“రాయి!” అన్నాడు దాలయ్య. “ఉడుంగోరు దించేద్దాం అమ్మాయిగారూ. గుండం దగ్గరపడతంది.”

కువలయ మైనాన్ని వేలితో తడిమింది. “గీతలు లేవు. గరుకు కూడా లేదు. ఇది నున్నటి బండ. ఏరు ఏళ్ల తరబడి రుద్దిన బండ. గోరు దూరడానికి సందు ఎక్కడుంది?”

దాలయ్య గోరును పక్కన పెట్టాడు. ఉడుము చెప్పిందీ అదే. పడవ జారుతూనే ఉంది. ఆమె మళ్లీ దించింది. మళ్లీ రాయే.

“ఓలమ్మో, ఏదో ఒకటి దించండర్రా! ఆ చప్పుడు వింటే నా గుండె జారిపోతంది” అంటూ పైడమ్మ కళ్లు మూసుకుంది.

మూడోసారి ఠంగుమనలేదు. చెంబు మెత్తగా దిగింది. మైనానికి పైన పలచగా ఇసుక, దాని కింద నల్లటి జిగురుమట్టి అంటుకుని వచ్చాయి.

ఇద్దరూ ఒకేసారి కోరను పట్టుకున్నారు. ఉడుంగోరును జలగండుడి వైపు విసిరేసి, కోరకు ఎర్ర పట్టుతాడు కట్టి దించారు. అడుగుకు తగలగానే అలవాటు ప్రకారం పైడమ్మ తాడు బిగించి గుంజకు కట్టేసింది.

పడవ ఆగలేదు. కోర అడుగున ఎగిరెగిరి పడుతోంది. ఆ దెబ్బలు తాడులోనుంచి పడవకు తెలుస్తున్నాయి.

దాలయ్య తాడును చూశాడు. అది నిట్టనిలువుగా ఉంది. పందిని బండ మీదనుంచి లాగింది గుర్తొచ్చింది.

“మనమే దాన్ని పైకి పెరికేస్తన్నాం! కింది నుంచి లాగాలి. నేలబారుగా లాగితేనే దిగుద్ది.”

“నేలబారుగా లాగాలంటే పడవ లంగరుకి దూరంగా ఉండాలి” అంది కువలయ. “తాడు పెంచాలి.”

“పెంచితే గుండంకేసి పోతాం.”

“పోతాం.”

ఆ చప్పుడులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వదిలిన ప్రతి బారెడు తాడూ వాళ్లను గుండానికి బారెడు దగ్గర చేస్తుంది. వదలకపోతే కోర పట్టదు.

“రాజులోరి తాడు వేలాడకూడదమ్మా!” అంది పైడమ్మ గుంజను వాటేసుకుని. “మీ తాతలనాటి ఆచారం. పరువేం కావాలి?”

“గుండంలో పడితే పరువు తేలుతుందా పైడమ్మా? వదులు.”

పైడమ్మ ఏడుస్తూనే ముడి విప్పింది. పట్టుతాడు కాస్తంతే ఉంది. పొట్టి తాడుకు అలవాటుపడ్డ వంశం పొడుగు తాడు ఎందుకు ఉంచుతుంది? కువలయ పడవ మీది పందిరికి కట్టిన తాళ్లన్నీ కోసింది. పడవ నడుమ ఉయ్యాల ఉంది. దాలయ్య గొడ్డలి తిరగేసి కొట్టి ఆ గొలుసులు ఊడదీశాడు. కోరను పైకి లాగి, ముందు దానికి గొలుసులు కట్టారు. బరువైన గొలుసు అడుగున పడుకుంటే లాగుడు నేలబారుగా ఉంటుందని కువలయ అంది. గొలుసు చివర పట్టుతాడు, దాని చివర పందిరితాళ్లు. కోర దించి, కొంచెం కొంచెంగా వదిలారు. లోతుకు అయిదారింతలు పోయింది తాడు. గుండంలో దూకే నీళ్ల తుంపరలు పడవ వెనకభాగాన్ని తడుపుతున్నాయి.

తాడు ఏటవాలుగా సాగింది. గొలుసు ఒకసారి గరగరమంది. కోర దిగింది. తాడు బిగుసుకుంది. పడవ ఒక్కసారి ముందుకు వంగి, లేచి, నిలబడింది.

ఎదుటి కొండ మీద పొద్దు పొడిచింది.

కువలయ ఒడ్డునున్న తాటిచెట్టునూ దాని వెనక కొండకొమ్మునూ ఒకే వరుసలో చూసి గుర్తు పెట్టుకుంది. ఆ రెండూ విడిపోతే పడవ కదిలినట్టు. పగలంతా ఆ వరుస మీదనుంచి ఆమె కళ్లు తీయలేదు. దాలయ్య తాడు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. కోర జారితే చేతికి తెలుస్తుంది.

జలగండుడు ఊరుకోలేదు. పొద్దుటే ఏటిని పొంగించాడు. లాగినకొద్దీ కోర లోపలికి దిగింది. మధ్యాహ్నం గాలిని తిప్పి దిగువనుంచి కొట్టించాడు. పడవ లంగరు చుట్టూ అటువైపు తిరగబోయింది. తాడు కింద కోర ఒరిగి, ఊడి, బోర్లాపడటం దాలయ్య అరచేతికి తెలిసింది. తాటిచెట్టు కొండకొమ్ము నుంచి విడిపోబోయింది.

“పోయింది!” అంది పైడమ్మ.

“ఉండప్పా!”

కోర మట్టిలో ఒక్క పొర్లు పొర్లి మళ్లీ ముక్కు దించింది. జిగురుమట్టి దాన్ని పట్టేసుకుంది. తాటిచెట్టు వెనక్కి వచ్చి కొండకొమ్మును కప్పింది.

పొద్దు గుంకింది. ఆ రోజంతా పైడమ్మ మాట్లాడింది ఆ ఒక్క మాటే.

జలగండుడు పడవ పక్కన లేచి తాడుకేసి చూశాడు. “మీ తాతలు ఇలా దించి ఉంటే నాకీ వీపునొప్పి ఉండేది కాదు కదర్రా” అన్నాడు.

“మీరు ఎక్కడ పడుకుంటారో చెప్పండి” అంది కువలయ. “అక్కడ వెదురుగడ పాతిస్తాం. ఆ దరిదాపుల్లో ఎవరూ లంగరు దించరు.”

జలగండుడు తల గోక్కున్నాడు. “ఇంతకాలంలో ఆ మాట అడిగినోళ్లు లేరు” అని చోటు చెప్పాడు. పడవను చూపుడువేలితో ఒడ్డు దాకా నెట్టి నీళ్లలోకి దిగిపోయాడు. వాడు నెట్టకముందే తాడు చివరకు ఎండు సొరకాయ కట్టి ఏట్లో వదిలారు, కోర ఎక్కడుందో ఆనవాలు ఉంటుందని. కువలయ నేల మీద కాలు పెట్టింది. పైడమ్మ నేల మీద పడుకుని పొర్లింది.

శరభరాజు దివిటీలతో ఎదురొచ్చాడు. కూతుర్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత దాలయ్యను చూసి, కూతురితో “నీ ఇష్టం చెప్పమ్మా” అన్నాడు.

“తాడు వదలమంటే వదిలాడు నాన్నగారూ. గుండం పక్కన ఉండి కూడా” అంది కువలయ. “నాకు ఇష్టమే. అతన్ని అడగండి.”

పైడమ్మ వెనకనుంచి దాలయ్య డొక్కలో పొడిచింది. “చెప్పరా కట్టెలోడా! మొద్దులా నిలబడతావేం?”

“ఇష్టమేనండి” అన్నాడు.

ఆషాఢమైనా సరేనని మర్నాడు మిట్టమధ్యాహ్నానికి ముహూర్తం పెట్టారు. రాజు అప్పటికప్పుడు కంసాలిని పిలిపించి, కోరకు బంగారు తొడుగు వేయించి కోటలో పెడదామన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెళ్లికొడుక్కి నలుగు పెట్టాలని వస్తే మనిషి లేడు. అతను తెప్పను ఒడ్డు చెట్టుకు బలమైన మోకుతో కట్టి, మోకు వదులుకుంటూ సొరకాయ దగ్గరికి వెళ్లాడు. తాడు పోగుచేసుకుంటూ సరిగ్గా కోర నెత్తి మీదికి చేరి నిలబడి, నిటారుగా పైకి లాగాడు. ఏరంతా కలిసి లాగినా రానిది చటుక్కున వచ్చింది, పొంగలి కుండంత మట్టిముద్దతో. ఒడ్డుకు తెచ్చి గొలుసులు కడిగాడు, తాడును పొదల మీద ఆరేశాడు. ఆరేదాకా కాపలా ఉండి, చుట్టలు చుట్టి, కోరను ఉన్నదున్నట్టుగా చిలకపడవ ముందు కొసన కట్టాడు. బంగారం లేదు, వెండి లేదు. అప్పుడు పెళ్లికి వెళ్లాడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కూడా అతని గోళ్లలో నల్లమట్టి ఉంది.